పన్ను పీకిన క్యాసెట్టు

రిబ్బను తెగింది. చప్పట్లు కొట్టారు. బట్టల కొట్టు యజమాని కెమెరా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. తరువాత తెర మీద గీతలు పడ్డాయి, చుక్కలు లేచాయి. ఆ చుక్కల్లోంచి, అప్పటికి ఏడు నెలల కిందట చనిపోయిన మా అత్తగారు బయటికొచ్చి, "అప్పుడా ఎండ్రకాయ ఏవందీ..." అంది.

రెండేళ్ళ కిందట, ఒక ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి అప్పుడే వచ్చాం. పిల్లలింకా మంచి బట్టలు విప్పలేదు. మా అమ్మాయి "మామ్మ!" అని కేకేసింది. మా వాడు లేచి వెళ్ళి టీవీ అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. అయిదు సెకన్లు, మహా అయితే ఆరు. ఠక్కున ఆమె పోయి సినిమా పేర్లు మొదలయ్యాయి.

పిల్లలకి అదొక పండగ. గోడ అవతలి నుంచి పక్కింటావిడ కూడా "మీ అత్తగారు కనిపించిందేవే!" అంది సంబరంగా. నాకు మాత్రం అది పండగ కాదు. ఎందుకంటే ఆమె కథల క్యాసెట్టులో ఎండ్రకాయ కథ చిట్టచివర వస్తుంది. దానికి ముందు నలభై నిమిషాలు మామ్మ ఉండాలి. ఆ చోట బట్టల కొట్టు ఉంది.

ఆ పని చేసినతను మొన్న గురువారం పోయాడు. కామెర్లు ముదిరాక కాకినాడ తీసుకెళ్ళారట. వీధిలో అందరూ అతని మంచితనం గురించే చెప్పుకుంటున్నారు. ఆ మాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. అందుకని పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. పేరు రాయడం కూడా ఒక మర్యాదే.

పేరు రాయకపోయినా యానాంలో అతనెవరో అందరికీ తెలుస్తుంది. మొదట పెళ్ళిళ్ళకి వీడియో తీసేవాడు. పాండిచ్చేరి నుంచి తెప్పించుకున్న కెమెరా ఒకటుండేది. తరువాత టైర్ల కొట్టు మీది గదిలో డెక్కు పెట్టి, అందులో క్యాసెట్టు వేసి, అక్కణ్ణించి వైరు లాగి, డాబా మీంచి డాబాకీ కొబ్బరిచెట్టు మీంచి కొబ్బరిచెట్టుకీ దాటించి, ఫరంపేట దాకా ఇళ్ళకి బొమ్మ పంపాడు. అంతకు ముందు మాకు ఢిల్లీ నుంచి వచ్చే హిందీ తప్ప మరో గతి లేదు. అలాంటి ఊరికి రోజుకో తెలుగు సినిమా చూపించాడు. దేవుణ్ణి చూసినట్టు చూశారు.

నడిచేటప్పుడు అతను నేల చూడడు. పైన వైరు చూస్తూ నడుస్తాడు. అందువల్ల ఎప్పుడూ ఏదో ఒక కాలి బొటనవేలు చితికి ఉండేది. దానికి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టుకునేవాడు. వైరు తెగినా అదే టేపు, వేలు తెగినా అదే. చొక్కా జేబులో పెన్ను పెట్టుకునే చోట టెస్టరు ఉండేది. ఎవరింటికి వచ్చినా బాగున్నారా అని అడగడు. గుమ్మంలో నిలబడి, "బొమ్మ ఎలా వస్తందండి?" అంటాడు. మా అత్తగారు పోయిన రోజు కూడా వచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయనతో, "బొమ్మ... బాగానే వస్తందా అండి?" అన్నాడు. ఆ మాటకి మేమిద్దరం తరువాత నవ్వుకున్నాం కూడా.

ఇంకొకటి, అతను ఎవరికీ కాదని చెప్పడు. ఎవరేమడిగినా "ఆయ్" అంటాడు. పాత సినిమా కావాలి. ఆయ్. కొత్తది కావాలి. ఆయ్. మా అబ్బాయి పుట్టినరోజు చూపించు. ఆయ్, అలాగేనండి. ఊరంతా మెచ్చుకుంటున్న మంచితనం ఇదే. నేను రెండేళ్ళుగా దీన్ని గురించే ఆలోచిస్తున్నాను. అందరికీ అవునని చెప్పేవాడు ఎవరో ఒకరికి అన్యాయం చేసి తీరుతాడు. ఎవరికి చేస్తాడంటే, గట్టిగా అరవని వాళ్ళకి.

నా దగ్గరికి అతను వచ్చిన రోజు బాగా గుర్తుంది. మా వాడు ఇంకా చంకలోనే ఉన్నాడు.

"మేడమ్ గారండి, మీరు బీయే చదివారంట కదండి."

"చదివాను. అయితే?"

"ఎంతసేపూ సినిమాలేనా అండి? మన ఊరి టీవీలో మన ఊరు కనపడద్దా అండి? పిల్లల కోసం ఏదన్నా చేద్దారండి. మీరు రాయండి, నేను తీస్తాను."

మన ఊరి టీవీలో మన ఊరు. డిగ్రీ పుచ్చుకుని, పెళ్ళి చేసుకుని, పాలు కాస్తూ కూర్చున్న దానితో ఎవరైనా అంత మంచి మాట అంటే ఏమవుతుంది? ఆ రాత్రే కొత్త నోటుపుస్తకం తీశాను.

ఆదివారం మధ్యాహ్నం అరగంట మాది. వీధిలో పిల్లలు, కనకాలపేట నుంచి నలుగురు, మొత్తం పదకొండు మంది. వెనక నీలం దుప్పటి కట్టేవాళ్ళం. ఒక వారం ఒక పిల్ల వల చిరిగితే ఎలా ముడి వేస్తారో చేసి చూపించింది. ఒక వారం ఫ్రెంచి పింఛను తీసుకునే తాతగారొకరు పిల్లలకి ఆ భాషలో ఒకటి నుంచి పది దాకా నేర్పారు. ఒక వారం గోదావరిలో నీళ్ళు ఉప్పగా ఎప్పుడవుతాయి, తియ్యగా ఎప్పుడవుతాయి అని పిల్లలే రేవులో అడిగి తెలుసుకొచ్చి చెప్పారు. మధ్యలో కోడి కూసేది, కరెంటు పోయేది. అయినా బాగుండేది. నేను చేసినది కాబట్టి అనడం లేదు, నిజంగానే బాగుండేది.

మూడో వారానికి గది కింద రోడ్డు మీంచి అరుపులు మొదలయ్యాయి.

"ఏవయ్యో! ఆ పిల్లల గోల ఎప్పుడాపుతావు? సినిమా ఎయ్యవా?"

"ఆయ్, ఇదుగో, అయిపోతందండి!"

అరగంట ఇరవై నిమిషాలయింది. ఇరవై పన్నెండయింది. ఒకసారి ఒక పిల్ల పద్యం చెబుతుండగా సగంలో తీసేసి సినిమా వేశాడు. ఆ పిల్ల తల్లి నా మీదికొచ్చింది. నాలుగో వారమైతే మా కార్యక్రమానికి ముందు ఒక బ్రాందీ షాపు బోర్డు చూపించాడు. మెట్లెక్కి వెళ్ళి అడిగాను.

"పిల్లల కార్యక్రమానికి బ్రాందీ షాపు ప్రకటనా?"

"మన ఊళ్ళో ఇంకేం షాపులున్నాయండి?"

నాకు నవ్వొచ్చింది. అదే నా తప్పు. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది.

అతని దగ్గర ఖాళీ క్యాసెట్లు ఆరే ఉండేవి. మా కార్యక్రమం, పెళ్ళిళ్ళు, కొట్ల ప్రారంభాలు, అన్నీ ఆ ఆరింటి మీదే తిరిగేవి. క్యాసెట్టు మీద పేరు పెన్సిల్‌తో రాసేవాడు. "ఇంకుతో రాస్తే తరవాత ఏం చేస్తామండి?" అనేవాడు. రబ్బరు పెట్టి తుడిచి తుడిచి ఆ కాగితాలన్నీ నూగు లేచిపోయి ఉండేవి.

క్యాసెట్టు వీపున ఎడమ పక్క ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద మరొకటి రికార్డు కాదు. ఆ పలకని అతను పన్ను అనేవాడు. పన్ను పీకడం అతనికి ఇష్టం ఉండేది కాదు. "పన్ను పీకితే క్యాసెట్టు ముసల్దైపోద్దండి. ఇంకెందుకూ పనికిరాదు" అనేవాడు.

మా అత్తగారికి ఒక్క పన్ను కూడా లేదు. వయసులో ఉన్నప్పుడు పొలం పనులకెళ్ళి, మా ఆయన్ని చదివించి మేష్టార్ని చేసింది. ఆమె కథలు చెబితే వీధి పిల్లలంతా మా పెరట్లోనే ఉండేవాళ్ళు. ఏ కథా ఒక్కలాగా రెండుసార్లు చెప్పదు. నేను రాసుకోవాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. కాగితం మీదికి వచ్చేసరికి కథ వస్తుంది గాని ఆమె రాదు. కెమెరా ముందు కూర్చోమంటే ముందు సిగ్గుపడింది. తరువాత మంచి చీర కట్టుకుని నులకమంచం మీద కూర్చుని, ముప్పావు గంట ఆపకుండా చెప్పింది. ఎండలో నిలబడి అతను అంతా తీశాడు.

అది ఒక ఆదివారం మొత్తం వేశాడు. ఆ ఒక్కనాడు రోడ్డు మీంచి ఎవరూ అరవలేదు.

ఆ సాయంత్రమే అడిగాను. "ఈ ఒక్కదానికి పన్ను పీకెయ్యండి. ఇంకెప్పుడూ ఏమీ అడగను."

"ఆయ్, పీకేస్తానండి. ఇవాళే పీకేస్తాను."

క్యాసెట్టు మీద ఇంకుతో 'మామ్మ' అని నేనే రాశాను. నా జడలో పిన్ను ఉంది. అప్పుడే, అక్కడే, నా చేత్తో పీకెయ్యవచ్చు. అతని వస్తువు కదా అని ఊరుకున్నాను. ఆమె పోయాక తెచ్చుకోవాలనుకున్నాను. అప్పుడు ముసురు. మా ఇంట్లో వానాకాలం పుస్తకాలకీ బట్టలకీ కూడా బూజు పడుతుంది. అతని గదిలో ఎప్పుడూ ఫ్యాను తిరుగుతుంది, పొడిగా ఉంటుంది, అక్కడే భద్రం అనుకున్నాను. ప్రతిదానికీ భయపడే నేను, భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉన్నాను.

తెర మీద రిబ్బను తెగిన ఆ ఆదివారం పిల్లల్ని పక్కింటావిడకి అప్పగించి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. అతను నిలబడే భోంచేస్తున్నాడు. డెక్కు మీద కంచం పెట్టుకుని తినడం అతని అలవాటు. నన్ను చూసి కంచం పక్కన పెట్టాడు.

"క్యాసెట్టు ఇవ్వండి."

"ఏదండి?"

"ఏదో మీకు తెలుసు."

తెలుసు. కళ్ళు పైకెత్తలేదు. బల్ల మీంచి తీసి ఇచ్చాడు. నా ఇంకు అక్షరం మీద కొత్త కాగితం అంటించి ఉంది. దాని మీద పెన్సిల్‌తో బట్టల కొట్టు పేరు.

"మిగతా అయిదూ ఖాళీ లేవండి. ఒక పెళ్ళివారు వాళ్ళది ఇంకా తీసుకెళ్ళలేదండి. వీళ్ళేమో గంటలో రిబ్బను కోసేస్తాం రమ్మన్నారు. కాదనలేకపోయానండి."

"నాకు పన్ను పీకేస్తానన్నారు."

"ఆయ్. అన్నానండి."

"మరి?"

అతను నాకు ధైర్యం చెబుతున్నట్టు, మెల్లిగా, "మొత్తం పోలేదండి. చివర్న కాస్త మిగిలిందండి" అన్నాడు.

కాస్త మిగిలిందండి. ఈ మాట నేను క్షమించలేదు. ఇప్పుడతను లేడు, ఇప్పుడూ క్షమించను.

జడలోంచి పిన్ను తీసి, అతని కళ్ళ ముందే ఆ పలక విరిచాను. టిక్కుమంది. నిజంగా తన పన్నే పీకినట్టు దవడ పట్టుకున్నాడు.

"అయ్యో, ముసల్దాన్ని చేసేశారండి."

"ఇది ముసల్దే. మా అత్తగారు" అని దిగి వచ్చేశాను.

ఇంటికి రాగానే మా గోడ మీంచి వచ్చే వైరు కత్తిపీటతో కోసేశాను. కోసిన కొసని తీయకుండా అలాగే వదిలేశాను, వీధిలోకి వేలాడుతూ. పైకి చూస్తూ నడిచేవాడు, చూడకుండా ఎక్కడికి పోతాడు? అక్కడితో ఆగలేదు. పదకొండు మంది పిల్లల తల్లుల దగ్గరికీ వెళ్ళి చెప్పాను. ఎవరూ పిల్లల్ని పంపలేదు. అతను కార్యక్రమం వదులుకోలేదు, ఇంకో టీచరుగారిని అడిగాడు. ఆవిడకీ చెప్పాను. తరువాత ఎవర్నీ అడగలేదు. అరగంట కూడా సినిమాకే పోయింది. మన ఊరి టీవీలో మన ఊరు మళ్ళీ కనిపించలేదు. అందులో నా పాలు కూడా ఉంది. ఉందని రాస్తున్నాను, విచారపడి కాదు.

అతను మా వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆ కొస కింద ఆగేవాడు. ఒకసారి నేను గుమ్మంలో ఉన్నాను. "బొమ్మ..." అని, ఆ మాట ఇక్కడ చెల్లదని గుర్తొచ్చి ఆపేశాడు. "మిగతా అయిదూ వెతికానండి. ఎక్కడన్నా ముక్క ఉందేమోనని. లేదండి" అన్నాడు. నేను తలుపేసుకున్నాను. తలుపు సందులోంచి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు, వేలికి నల్ల టేపుతో. నాకు చాలా బాగుంది.

ఏడాదికి రెండుసార్లు మా ఆయన కాకినాడ నుంచి డెక్కు అద్దెకి తెస్తారు. అతని దగ్గర అద్దెకి దొరికేది, వద్దన్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెస్తారు. అందరం కూర్చుని మొదట నలభై నిమిషాలు ముందుకి తిప్పేసుకుంటాం. పరుగెత్తే చీరలు, పరుగెత్తే అగరొత్తులు, పరుగెత్తే దండాలు. తరువాత నాలుగు నిమిషాల మామ్మ. కథ మొదలు పోయింది. ఎండ్రకాయ గోదావరి ఎందుకు దాటిందో మా పిల్లలకి తెలియదు. చెరొక కారణం కల్పించుకుని కొట్టుకుంటారు. నాకూ సరిగ్గా గుర్తు లేదు. అదే నా కడుపుమంట.

ఆ నాలుగు నిమిషాల్లో కథ అయిపోయాక ఇంకొకటి ఉంది. మైకు జారిపోతే సరిచెయ్యడానికి అతను కెమెరా ఆపకుండానే ముందుకి వచ్చాడు. మా అత్తగారు అతని చెయ్యి పట్టుకుంది.

"ఏరా అబ్బాయ్, తిన్నావా?"

"లేదండి మామ్మగారూ. తర్వాత తింటానండి."

"పొద్దుట్నించీ ఎండలో నిలబడ్డావు. మీ టీవీ పెడతదా తిండి? మా కోడలు పెడతది. కూర్చో ఇలా."

అతను మంచం పట్టె మీద కూర్చుని, తల దించుకుని నవ్వాడు. అంతే. బొమ్మ ఆగిపోతుంది.

ఇవాళ సాయంత్రం అతని భార్య మా ఇంటికి వచ్చింది. ఆరేళ్ళ కూతురు ఆమె కొంగు పట్టుకుని ఉంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఆదివారం పదకొండో రోజండి. ఊరందరి పెళ్ళిళ్ళూ ఆయనే తీశారు. ఆయన్ని ఎవరూ తియ్యలేదండి. ఒకటి మీ దగ్గరుందంట కదండి."

"ఎవరు చెప్పారు?"

"ఆయనేనండి. అన్నం ఆలస్యమైతే నవ్వేవారు. 'ఆ క్యాసెట్టులో మామ్మగారు నన్ను తిన్నావా అని అడుగుద్దే, నువ్వు అడగవు' అనేవారు."

ఆ పిల్ల నా వైపు చూసి, "మా నాన్న మాట్లాడతారా అందులో?" అంది.

చూస్తానన్నాను. ఇస్తానని అనలేదు. వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఆగారు. తల్లి మా గోడ మీద వేలాడే వైరు కొస వైపు చూసింది. దాని సంగతీ చెప్పే ఉంటాడు.

వాళ్ళు వెళ్ళాక బీరువాలోంచి క్యాసెట్టు తీశాను. పన్ను ఊడిన చోట కన్నం ఉంది. ఆ కన్నం మీద చిన్న టేపు ముక్క అంటిస్తే క్యాసెట్టు మళ్ళీ వయసులోకి వస్తుంది. ఆ కిటుకు అతనే చెప్పాడు ఒకప్పుడు. డెక్కూ కెమెరా తెప్పించి, అతను వచ్చి కూర్చునే ఆ అర నిమిషం మీద ఏదైనా పట్టెయ్యవచ్చు. మా గోడ, మా కుర్చీ, ఏదైనా. కాస్త మిగిలిందని వాళ్ళకి చెప్పవచ్చు. ఈ మాట ఆమె ముందు అనడం ఎలా ఉంటుందో గంటసేపు ఊహించుకున్నాను. దాచడమెందుకు, హాయిగా ఉంది. కాని మా అత్తగారి చెయ్యి అతని మణికట్టు మీద ఉంది. అతన్ని తీసేస్తే ఆ చెయ్యి కూడా పోతుంది. తిన్నావా అని అడిగిన మాట పోతుంది. నా పగకి ఆమె అడ్డం వచ్చి కూర్చుంది, బతికున్నప్పుడు నేను పిల్లల్ని కొట్టబోతే నాకూ వాళ్ళకీ మధ్య కూర్చున్నట్టే.

నిన్న రాత్రి ఇంతవరకూ రాసి ఆపేశాను. ఏం చెయ్యాలో తేలింది పొద్దున్న, మా అమ్మాయికి జడ వేస్తున్నప్పుడు. ఇద్దర్నీ దగ్గర కూర్చోబెట్టి చెప్పాను.

"ఆదివారం చర్చి నుంచి టీవీ మావయ్య వాళ్ళింటికి వెళ్తాం. మామ్మ క్యాసెట్టు పట్టుకెళ్తాం. అక్కడ చాలామంది ఉంటారు. బట్టల కొట్టాయన కూడా వస్తాడు. క్యాసెట్టు మొదటి నుంచీ వేస్తారు. ముందుకి తిప్పమని ఎవరడిగినా తిప్పనివ్వను. రిబ్బను, చీరలు, దండాలు, మొత్తం అందరూ కూర్చుని చూడాలి. మీరూ కదలకూడదు."

"మామ్మ ఎప్పుడొస్తది?" అన్నాడు మా వాడు.

"అందరూ విసిగిపోయాక."

"తర్వాత అక్కడే ఇచ్చేస్తామా?" మా అమ్మాయి గొంతులో భయం.

"ఇవ్వం. మామ్మ మనతో ఇంటికొచ్చేస్తుంది."

మా అమ్మాయి నా వైపు తల తిప్పింది. "ఆ పిల్ల వాళ్ళ నాన్నని మళ్ళీ చూస్తానంటే?"

రిబ్బను ముడి బిగించి, దాని తల నిమిరాను.

"ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు వేద్దాం. కాని ప్రతిసారీ మొదటి నుంచే."